రేపల్లె సన్నికల్లు శాసనం

తెనాలి నూతన ఆవిష్కరణల సమితి సగర్వంగా ప్రకటించేదేమంటే, రెండు వేల మూడు వందల ఏళ్లనాడే మన ప్రాంతంలో ప్రభుత్వ కార్యాలయం ఉండేదని రుజువైంది. రుజువు చేసింది మేమే. రెండు వేల ఆరు సెప్టెంబరులో ఈ సంగతి బయటపెట్టినప్పుడు ప్రపంచం పట్టించుకోలేదు. ప్రపంచానికి ఆ అలవాటు ముందునుంచీ ఉంది, మేమేమీ మనసులో పెట్టుకోలేదు.

సమితి గురించి తెలియనివారు ఉంటారని కాదు గానీ, ఉంటే వారి కోసం నాలుగు ముక్కలు. బట్టల కొట్టు మేడమీద గది మాది. శాఖలు మూడు. చరిత్ర శాఖ అధ్యక్షులు వెంకటకృష్ణయ్యగారిది. ఆయన ముప్పై ఏళ్లు ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయ్యారు, పాత కాగితాలంటే బొత్తిగా భయం లేదు. విజ్ఞాన శాఖ పున్నారావుగారిది. గడియారాలు బాగుచేసే భూతద్దం మాలో ఆయన ఒక్కరికే ఉంది. దైనందిన జీవిత శాఖ గోపీకృష్ణగారిది. టీ సాసర్లో పోస్తే త్వరగా చల్లారుతుందని పదకొండు నెలలు శ్రమపడి తేల్చిన మహానుభావుడాయన. నేను కార్యదర్శిని, అంటే వీళ్లు చెప్పింది రాసుకునేవాణ్ణి. ఆ ఆగస్టులో ప్లూటోను గ్రహాల జాబితాలోంచి తీసేశారని పేపర్లో పడగానే సంతాప సభ పెట్టి, రెండు నిమిషాలు మౌనం పాటించి, ఉప్మా తిన్నది కూడా మేమే.

ఇక రాయి సంగతి. అధ్యక్షులవారు పనిమీద రేపల్లె వెళ్లి, తిరుగు రైలు తప్పిపోయి, స్టేషను పక్క సందులో నీడకు నిలబడ్డారు. అక్కడ మదార్‌బీ అనే ఆవిడ ఇంటి గోడకు ఒక పలక రాయి ఆనించి ఉంది. దాని నిండా చుక్కలు, గీతలు, వరసకు వరస. మదార్‌బీ పెళ్లిళ్లకు బిర్యానీ మసాలా నూరిపెట్టి బతికే మనిషి. ఎవరో పెద్దమనిషి ఎండన పడి వచ్చారని కుర్చీ వేసి టీ ఇచ్చింది. ఆయన టీ తాగి రాయి అడిగారు.

"ఒకసారి చూసి పంపించేస్తామమ్మా. ఇది చాలా పాతది."

"మా అత్తగారిదండి" అంది మదార్‌బీ. "సన్నికల్లు. నున్నగా అరిగిపోయిందని మొన్ననే రాళ్లు కొట్టే వీరాస్వామి చేత గంట్లు కొట్టించాను. గంట్లు లేకపోతే మసాలా నలగదు కదండి."

అధ్యక్షులవారు డైరీ తీసి అక్కడికక్కడే ఇలా నమోదు చేశారు: "స్థానికురాలు శాసనాన్ని సన్నికల్లుగా పొరబడుచున్నది. ఈ ప్రాంతమున విద్య వ్యాపించవలసి యున్నది." ఆ కాపీ నా దగ్గరుంది.

పెద్దమనిషి మాట నమ్మి మదార్‌బీ ఇచ్చిన రాయి రైల్లో తెనాలి వచ్చింది. వయసు పన్నెండేళ్లు దాటింది కనుక దానికి ఫుల్ టికెట్ తీసి కిటికీ పక్కన కూర్చోబెట్టారు. ఆ రైలు రెండు వేల మూడు వందల ఏళ్లనాటి లిపి దొరికిన భట్టిప్రోలులో ఆగుతుంది. మనుషులు దిగే చోట ప్రాచీన లిపి మాత్రం దిగకుండా ఎలా ఉంటుందని అధ్యక్షులవారు వాదించారు. మేం ఒప్పుకున్నాం.

పున్నారావుగారు భూతద్దం పెట్టి చూసి, గీతల్లో ధనియాల పొడి ఉందనీ, ఆనాటి లేఖకులు సిరా బదులు ధనియాలు వాడేవారనీ నివేదిక ఇచ్చారు. గోపీకృష్ణగారు దగ్గరగా వాసన చూసి నాలుగుసార్లు తుమ్మి, పూర్వీకులకు జలుబు ఉండేదని చేర్చారు. చదివే భారం అధ్యక్షులవారి మీద పడింది. నిలువుగా చదివితే "రాజుగారు వచ్చారు" అని ఉంది. తలకిందులుగా చదివితే "రాజుగారు వెళ్లారు" అని ఉంది. మధ్యలో ఏం జరిగిందో తెలియక ఆయన మూడు రోజులు టిఫిన్ తప్ప ఏమీ ముట్టలేదు. నాలుగో రోజు అద్దంలో చూపిస్తే తేటతెల్లంగా కనిపించింది: "రేపు రండి."

ముప్పై ఏళ్లు అదే మాట అన్న నోరు కదా, చప్పున పోల్చుకుంది. రేపు రండి అని చెప్పే ఆఫీసు ఉన్న పల్లె కనుక రేపుపల్లె, అదే రేపల్లె అయింది. మాకు ఒళ్లు గగుర్పొడిచింది.

సరిగ్గా ఆ రోజే మదార్‌బీ రైలెక్కి మా మేడమీదికి వచ్చింది.

"అన్నయ్యగారూ, నా రాయి నాకిచ్చేయండి. వచ్చే ఆదివారం సైదావలిగారి అమ్మాయి ఫిర్దోస్ పెళ్లి. నాలుగొందల మందికి మసాలా నూరాలండి."

"మిక్సీ కొనుక్కోవచ్చు కదమ్మా" అన్నారు గోపీకృష్ణగారు, దైనందిన జీవితం తన శాఖ కనుక.

"అంత మసాలాకి మిక్సీ కాలిపోద్దండి. ఘాటు కూడా ఉండదు. పెళ్లివారు ఒకసారి పేరు పెట్టారంటే మళ్లీ నన్నెవరు పిలుస్తారండి? నాకున్నది ఈ ఒక్క పనే." చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకుంది. నాకూ అదోలా అనిపించింది. అది కూడా రాసుకున్నాను.

అధ్యక్షులవారు శాసనాన్ని గౌరవిస్తూ, "రేపు రామ్మా" అన్నారు. ఆవిడ మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. ప్రతిసారీ అదే జవాబు, అదే మర్యాదతో ఇచ్చాం. శుక్రవారం ఇంకొంచెం మర్యాద చేర్చి కుర్చీ కూడా వేశాం.

శనివారం బాపట్లలో ప్రదర్శన. సూర్యలంక బీచికి వెళ్లే జనం అక్కడే దిగుతారు కనుక హాలు అక్కడ తీసుకున్నాం. రాయికి, చెక్కడం కనిపించేలా, శాలువా కప్పాం. మగవారు చేతులు కట్టుకుని చూశారు. ఆడవారు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పోయారు. దానిని భక్తి అని నమోదు చేశాను.

అధ్యక్షులవారు మైకు అందుకున్నారు. "సభాసదులారా! ఈ మహాశాసనమును మన పూర్వీకులు ఏ మహత్కార్యమునకై చెక్కిరో..." అంటూ ఉండగా, మా ఆవిడ దుర్గాభవాని, శుక్రవారం మా మేడమెట్ల దగ్గర పరిచయమైన మదార్‌బీని వెంటబెట్టుకుని లోపలికి వచ్చింది. మదార్‌బీ చేతిలో అల్లం వెల్లుల్లి సంచి, చంకలో నూరే పొత్రం. ఆవిడ శాలువా మడతపెట్టి పక్కన పెట్టింది, రాయి దించి నీళ్లు చల్లి తుడిచింది, కూర్చుని నూరడం మొదలుపెట్టింది.

"ఆపమ్మా. రెండు వేల మూడు వందల ఏళ్ల రాయి అది" అన్నారు అధ్యక్షులవారు మైకులోనే.

"ఆవిడకి రేపు పెళ్లివంట ఉందండి అన్నయ్యగారూ" అంది దుర్గాభవాని. "మీకు రేపు ఏముంది?"

అధ్యక్షులవారు డైరీ తీసి రేపటి పేజీ వెతకసాగారు. ఈలోగా బయటికి పోయిన ఆడవారంతా తిరిగొచ్చి, చుట్టూ కూర్చుని వెల్లుల్లి ఒలవసాగారు. హాలంతా ఘాటు. గోపీకృష్ణగారు మళ్లీ నాలుగుసార్లు తుమ్మారు.

సమితి వరండాలో అత్యవసరంగా సమావేశమై ఏకగ్రీవంగా తీర్మానించింది. శాసనము మీద అల్లము, వెల్లుల్లి నూరవచ్చునని కనుగొన్నందుకు గోపీకృష్ణగారికి అభినందనలు. శాసనమును భద్రపరచు నిమిత్తము స్థానికురాలికి అప్పగించడమైనది. స్థలం చాలక ఆవిడ పేరు రాయలేదు. ఆవిడ సంతకం అడిగితే పెట్టి, రాయి రిక్షాలో పెట్టించుకుని రైలు వేళకు వెళ్లిపోయింది.

తెనాలి వచ్చే రైల్లో మా ఆవిడను అడిగాను. "అది సన్నికల్లని నీకు ముందే తెలుసా?"

"చూడగానే తెలిసింది. హాల్లో ఆడవాళ్లందరికీ తెలిసింది."

"మరి ఒక్కరూ చెప్పలేదేం?"

"మదార్‌బీ మొదటిరోజే చెప్పిందిగా. మీరే రాసుకున్నారు. మనదానిక్కూడా గంట్లు కొట్టించాలి, మదార్‌బీతో చెప్పి వీరాస్వామిని రమ్మన్నాను" అంది.

"మనింట్లో సన్నికల్లు ఉందా?"

దుర్గాభవాని నావంక చూసి, కిటికీ వైపు తిరిగింది. మాకు పెళ్లయి ఇరవై ఆరేళ్లు. పీటలమీద ఆవిడ పాదం పట్టుకుని సన్నికల్లు తొక్కించింది నేనే. ఆ తర్వాత మళ్లీ దాన్ని చూసిన గుర్తు లేదు. పచ్చడి మాత్రం రోజూ తింటూనే ఉన్నాను.

మీకు నవ్వొస్తున్నట్టుంది. మంచిదే. మీ ఇంట్లో అది ఏ మూలన ఉందో, కుర్చీలోంచి లేవకుండా చెప్పండి చూద్దాం.