పోతయ్య జీపులో పాట

మంగళవారం ఉదయం ఇద్రీస్ అనుకున్నది చిన్న పని. రెండు కేసెట్లు ముగించి, మధ్యాహ్నానికి కొట్టు కట్టేసి, భార్య లతీఫాతో బంధువుల విందుకు వెళ్లాలి.

ఖమ్మంలో అతనిది పాటలు రికార్డు చేసే కొట్టు. మొదటి కేసెట్ జీపు నడిపే పోతయ్యది. అందులో ఆ వారం ఊరంతా పాడుతున్న సినిమా పాటలు ఎక్కించాలి. రెండోది ములకలపల్లి దగ్గరి తండా నుంచి సోమ్లా తెచ్చింది. లంబాడీ ఆడపిల్ల అత్తవారింటికి వెళ్లేటప్పుడు ఒక్కొక్కరినీ పట్టుకుని పాటగా ఏడుస్తుంది. సోమ్లా కూతురు హేమ్లి అలా ఏడ్చిన ఏడుపు అది. తల్లి సక్రి రోజూ విని విని టేపు నలిగిపోయింది. వేరే ప్రతి లేదు.

ఇద్రీస్ నలిగిన టేపు అతికించి కొత్త డబ్బాలోకి మార్చాడు. పోతయ్యదీ అలాంటి డబ్బాయే. పేర్లు రాయడం లతీఫా పని. ఆమె కలం వెతికేలోపే పోతయ్య, సోమ్లా ఇద్దరూ వచ్చి తొందరపెట్టారు. ఇద్రీస్ చెరొకటి ఇచ్చి పంపేశాడు.

బుధవారం నలుగురు వచ్చి పోతయ్య జీపులో పాట కావాలన్నారు. గురువారానికి వాళ్లు ముప్పై మంది అయ్యారు. తల్లాడ దారిలో జనం ఖాళీ జీపులు వదిలేసి పోతయ్య కోసం నిలబడుతున్నారట. అది ఏ పాటో తెలియకపోయినా, లేదనడం ఇద్రీస్‌కు అలవాటు లేదు. అందరినీ శుక్రవారం రమ్మన్నాడు. పాడిందెవరని అడిగితే బొంబాయి ఆవిడని చెప్పాడు.

శుక్రవారం పొద్దున్నే పోతయ్యను ఆపి కేసెట్ అడిగాడు.

"తల్లాడ కాడ పెండ్లిల మైకుకిచ్చిన భాయ్. ఏం పాటనో గని, విన్నోళ్లంత ఏడుస్తరు. మల్ల పెట్టుమంటరు."

కేసెట్లు తారుమారయ్యాయని ఇద్రీస్‌కు అప్పుడు తెలిసింది. హేమ్లి అత్తవారి తండా తల్లాడ పక్కనే.

"పోతన్నా, జల్దీ పో. ఆ కేసెట్ లేకుండ రాకు."

జీపు అటు వెళ్లగానే సోమ్లా, సక్రి వచ్చారు. సక్రి కొంగుముడి విప్పి కేసెట్ బల్ల మీద పెట్టింది.

"మొత్తం విన్న, అన్నా. ఈ పాట అయిపోతే నా బిడ్డ గొంతు వస్తదని కూసున్న. రెండు దిక్కులా అయిపోయింది. రాలే."

ఇద్రీస్ అబద్ధమాడలేకపోయాడు. జరిగిందంతా చెప్పాడు. సక్రి, కేసెట్ దొరుకుతుందా అని ఒక్కటే అడిగింది. ఈలోగా పాట కోసం వచ్చినవాళ్లతో కొట్టు ముందు వీధి నిండిపోయింది.

రెండు గంటల తర్వాత జీపు కేసెట్‌తో వచ్చింది. పెళ్లి మైకులో కోడలి గొంతు విని జీపెక్కిన హేమ్లి అత్త ముందుగా దిగింది. నేరుగా సోమ్లా దగ్గరికి నడిచింది.

"ఏంది సోమ్లన్నా, పిల్ల ఏడుపు మైకుల పెట్టిచ్చినవ్? మేం సతాయిస్తున్నమని ఊరందరికి చెప్తవా? ఇగో, తోలుకొచ్చిన. నెల రోజులుంచుకో. బువ్వ తింటదో లేదో నువ్వే చూస్కో."

ఆమె వెనక హేమ్లి దిగింది. చాలాకాలానికి కలిసినా లంబాడీ ఆడవాళ్లు పాటగానే ఏడుస్తారు. తల్లీకూతుళ్లు ఒకరి మెడ ఒకరు వాటేసుకున్నారు. హేమ్లి గొంతెత్తింది. జనం ఆ గొంతు గుర్తుపట్టారు.

"బొంబాయి ఆమె అంటివి గదా, భాయ్?" అన్నాడొకడు.

లతీఫా ఖాళీ కేసెట్ మీద ముందు హేమ్లి పేరు రాసింది. తర్వాత రికార్డరును గుమ్మం దాకా తెచ్చి మీట నొక్కింది.

సాయంత్రం సక్రి పాత ఏడుపు, కొత్త ఏడుపు, కూతురు, మూడూ తీసుకుని తండాకు బయలుదేరింది. సినిమా పాటల కేసెట్ మాత్రం తిరిగి ఇవ్వలేదు. అందులో మూడో పాట బాగుందట.