పదును శాఖ గుమ్మటయ్య

ఒక పెద్ద అడవిలో కత్తులకూ, కొడవళ్ళకూ, గొడ్డళ్ళకూ పదును పెట్టడానికి ప్రత్యేకంగా ఒక శాఖ ఉండేది. దానికి అధికారి గుమ్మటయ్య అనే ఎలుగుబంటి.

పనల్లా ఒకటే. అడవి జనం తెచ్చిన పనిముట్టు పుచ్చుకుని, సానరాయి మీద నీళ్ళు చల్లి, అంచు తళతళలాడేదాకా నూరి, తుప్పు పట్టకుండా ఇంత నూనె రాసి ఇవ్వాలి. నూరితే గుమ్మటయ్యకు భుజాలు లాగేవి. పైగా తేనె తాగే వేళకు అడ్డం. అందుకని "రేపు రండి" అనడం అలవాటు చేసుకున్నాడు. ఆ మాట అనడానికి భుజాలతో పని లేదు.

గదిలో మొద్దు కత్తులు గుట్టలు పడ్డాయి. గుమ్మటయ్య ఆ గుట్టకే చేరబడి కునుకు తీసేవాడు. ఒక్కటీ గుచ్చుకునేది కాదు.

ఒకనాడు వంటశాల నడిపే ముళ్ళపంది సూదెమ్మ, కత్తిపీట చంకన పెట్టుకుని ఊడిపడింది.

"అయ్యా, దీంతో వంకాయ తెగడం లేదు, నలుగుతోంది. కూర చేద్దామని కూచుంటే పచ్చడవుతోంది. రేపు సభలో సింహంగారి ముందే అడుగుతాను, ఈ శాఖ ఎందుకని!"

గుమ్మటయ్య గుండెల్లో రాయి పడింది. వెంటనే సలహాదారు నాజూకయ్యను పిలిపించాడు. నాజూకయ్య నక్క.

"నా కుర్చీ పోయేటట్టుందయ్యా!"

"ఎందుకు పోతుందండీ?" అన్నాడు నాజూకయ్య తోక దువ్వుకుంటూ. "నూరలేదని అనకండి. నూరకుండా కాపాడానని అనండి."

మర్నాడు సభలో సూదెమ్మ నోరు తెరిచేలోపే గుమ్మటయ్య లేచాడు.

"మహారాజా! పదునుంటే వేళ్ళు తెగుతాయి. నా హయాంలో ఈ అడవిలో ఒక్క వేలు తెగలేదు!"

"అంతేనా ప్రభూ!" అని నాజూకయ్య అందుకున్నాడు. "ఫలానావాడు కత్తులు నూరుతున్నాడంటే అర్థమేమిటి? పగబట్టాడనే కదా! మా అధికారిగారు ఇన్నేళ్ళలో ఎవరిమీదా కత్తులు నూరలేదు."

సింహం ఉలిక్కిపడింది. తనమీద ఎవరో కత్తులు నూరుతున్నారని దానికెప్పుడూ అనుమానమే. "ఇకమీదట ఎవరూ ఏదీ నూరకూడదు!" అని గర్జించింది.

అప్పటికప్పుడు పదును శాఖ 'మొద్దు భద్రతా శాఖ' అయిపోయింది. సానరాయిని సభ మధ్యలో నిలబెట్టి, పసుపు పూసి, బొట్టు పెట్టి, తాకరాదన్నారు. రాయికో దండ, గుమ్మటయ్యకో దండ పడ్డాయి.

"మరి నా వంకాయల సంగతి?" అంది సూదెమ్మ.

"వాటికి ప్రాణభయం తీరిందమ్మా, సంతోషించు" అన్నాడు నాజూకయ్య.

చప్పట్లతో అడవి దద్దరిల్లింది.

గుమ్మటయ్య ఆనందం పట్టలేక, దండతో సహా ఎండిన చెట్టు తొర్రలోని తేనెపట్టు దగ్గరికి పరుగెత్తాడు. భుజాలదాకా లోపలికి దూరాడు. దండ మడత పడి బిగుసుకుంది. ఇక ముందుకూ లేదు, వెనక్కీ లేదు. లోపల తేనెటీగలు ముఖాన్ని పట్టుకున్నాయి. బయట మిగిలిన సగం గుమ్మటయ్య గంతులు వేస్తోంది.

జనం గొడ్డళ్ళతో పరుగెత్తుకొచ్చారు. ఏనుగు గొడ్డలెత్తి ఒక్క దెబ్బ వేసింది. ఠంగుమంది. చెట్టుకు గీత పడలేదు గానీ, గొడ్డలి పిడిలోంచి ఊడొచ్చి నాజూకయ్య వీపున పడింది. అదీ మొద్దుదే కాబట్టి బతికిపోయాడు.

తొర్రలోంచి గుమ్మటయ్య కేక పెట్టాడు. "నూరండి! నూరండి!"

"ఊరుకోండి అంటున్నారు" అన్నాడు నాజూకయ్య వీపు రుద్దుకుంటూ. అందరూ గొడ్డళ్ళు దించి నీడకు కూచున్నారు.

"సానరాయి! సానరాయి!"

"చాలా హాయి అంటున్నారు."

"పాపం, ఎంత ఓర్పు!" అని జనం కళ్ళు తుడుచుకున్నారు.

సూదెమ్మకు ఒళ్ళు మండింది. విసవిసా వెళ్ళి రాయి మీద దండ పీకేసి, పసుపు కడిగేసి, గొడ్డలి నూరడం మొదలుపెట్టింది. సింహం ముళ్ళకు అందనంత దూరంలో ఆగింది.

"ఎవరిమీద నూరుతున్నావు?"

"చెట్టుమీద, మహారాజా!"

"ఓహో, చెట్టుమీదా! అయితే కానీ."

పదునెక్కిన గొడ్డలికి పిడి బిగించి ఇస్తే, ఏనుగు రెండే వేట్లలో తొర్ర చీల్చేసింది. గుమ్మటయ్య దబ్బున పడ్డాడు. ముఖం పనసకాయలా వాచింది. గొడ్డలి అంచు తగిలి చెవి కొస కాస్త గీసుకుంది.

గాలి పీల్చుకోగానే సూదెమ్మ కాళ్ళు పట్టుకోవాలనిపించింది గుమ్మటయ్యకు. రేపటినుంచి తెల్లారేసరికి సాన దగ్గరుండాలని నిజంగానే అనుకున్నాడు.

"ఏమయ్యా, ఇప్పుడేమంటావు?" అని సింహం అడిగింది.

గుమ్మటయ్య నోరు తెరిచాడు. అంతలో భుజం కలుక్కుమంది. ఎదురుగా నాజూకయ్య, తొర్ర దగ్గర జారిపడిన అధికారి టోపీ తీసి తన తలమీద పెట్టుకుని కొలత చూసుకుంటున్నాడు. గుమ్మటయ్య చెవి తడుముకున్నాడు. వేలికి ఒక్క చుక్క నెత్తురంటింది.

"చూశారా మహారాజా!" అని బావురుమన్నాడు. "ఇన్నేళ్ళకు ఒక్క గొడ్డలికి పదును పెట్టారు, అప్పుడే నా చెవి తెగింది!"

సింహం చలించిపోయింది. గుమ్మటయ్యను బతికినంతకాలం అధికారిగా ఉండమంది. సూదెమ్మను సంజాయిషీ అడిగింది.

నీతి: పదును పోయినంత మాత్రాన పదవి పోదు.