వేన్ గారి కుక్క

ఆ శనివారం పొద్దున కార్లీ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పాప టెస్సా లేచేలోగా ఒక విడత బట్టలు మిషన్లో వేయాలి. మర్నాడు పవ్లాక్ గారింటికి పట్టుకెళ్ళాల్సిన సలాడ్‌కి బంగాళాదుంపలు ఉడకబెట్టాలి. వీలైతే ఒక కప్పు కాఫీ వేడిగా తాగాలి. పాప పుట్టాక ఆమె వేడి కాఫీ మొహం చూసి ఎరగదు.

మర్నాటి భోజనం మామూలు భోజనం కాదు. లెన్ పవ్లాక్‌ది టైర్ల షాపు. కొత్తగా తెరుస్తున్న రెండో షాపుకి మేనేజర్ ఎవరో ఆ భోజనాల దగ్గరే చెబుతానన్నాడు. పోటీలో ఉన్నది ఇద్దరే: కార్లీ మొగుడు డస్టిన్, అతనితోపాటు టైర్లు బిగించే గేబ్. మేనేజరైతే ఇంటిల్లిపాదికీ ఇన్సూరెన్స్ వస్తుంది. పాప చెవి పట్టుకుని ఏడ్చినప్పుడల్లా డాక్టరు దగ్గరికి పరిగెత్తాలా, పొద్దుటిదాకా చూద్దామా అని కార్లీ గుండెలు బాదుకోనక్కర్లేదు.

ఇంతకీ డస్టిన్ మీద ఆమెకో అనుమానం ఉంది. ఈమధ్య శనివారం వచ్చిందంటే ఫోను పట్టుకుని గ్యారేజీలోకి పోయి తలుపేసుకుంటున్నాడు. ఏం చేస్తున్నావంటే గడ్డి కోసే మిషను బాగుచేస్తున్నానంటాడు. ఏప్రిల్ సగమైనా ఈరీ సరస్సు మీంచి వచ్చే చలిగాలికి పెరట్లో గడ్డి ఇంకా తలెత్తనే లేదు.

వంటింట్లో రేడియో మోగుతోంది. ఫుట్‌బాల్ సీజను ఎప్పుడో ముగిసింది. మళ్ళీ సెప్టెంబరు దాకా ఆట లేదు. ఆట లేని ఈ రోజుల్లోనే మిల్‌బరీ ఊళ్ళో ఆట గురించి కొట్లాటలు ఎక్కువ. ముసలివాడైపోతున్న హోల్ట్ బ్రాండెక్‌నే క్వార్టర్‌బ్యాక్‌గా ఉంచాలా, నిరుడంతా బెంచీ మీద కూర్చున్న కుర్రాడు టీగ్‌కి బంతి అప్పగించాలా అన్నది ఈ ఏటి తగువు. బంతి విసిరి ఆట నడిపేది క్వార్టర్‌బ్యాకే కాబట్టి పేరొచ్చినా తిట్లొచ్చినా అతనికే.

"లైన్లో మన వేన్ గారున్నారు," అన్నాడు రేడియోలో రెజీ. "చెప్పండి వేన్ గారూ, ఇవాళ ఎవర్ని ఉతుకుతారు?"

ముక్కు మూసుకుని మాట్లాడుతున్నట్టున్న గొంతు అందుకుంది. "నేనెవర్నీ ఉతకను రెజీ, ఉన్నమాట చెబుతా. హోల్ట్‌కి కాపుగా నిలబడే మన కుడివైపు లైను జల్లెడ. అవతలివాళ్ళు అందులోంచి చేతులూపుకుంటూ నడిచొస్తున్నారు. కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే ఈ డ్రాఫ్టులో అక్కడికి కొండలాంటి కుర్రాణ్ణి తెచ్చుకోకుండా మళ్ళీ బంతి పట్టే బక్కోణ్ణి తెచ్చారనుకో, ఇక నేను టీవీ పెట్టను."

"హోల్ట్ సంగతేంటి?"

"అయిపోయింది. మంచివాడే, కాదనను. కానీ భుజం పోయింది. ఫొటోల కోసం ఒక టైర్ల షాపుకి వచ్చి కుడిచేత్తో టైరు లేపలేక ఎడంచేత్తో లేపాడు. చూసినవాళ్ళు చెప్పారు."

అంతలో టెస్సా లేచింది. లేవడమే కాదు, తాగిన పాలన్నీ కార్లీ భుజం మీద కక్కింది. కార్లీ గ్యారేజీ తలుపు తీసి గట్టిగా కేకేసింది. "డస్టిన్, కక్కేసింది, గుడ్డ పట్రా."

డస్టిన్ చెవి దగ్గర ఫోనుతో, ముక్కు మీద వేళ్ళతో కొయ్యబారిపోయాడు.

రేడియోవాళ్ళు బూతులేవైనా వస్తే కత్తిరించడానికి మాటల్ని కొద్ది సెకన్లు ఆపి వదులుతారు. కాబట్టి కార్లీ వంటింట్లోకి తిరిగి అడుగుపెట్టేసరికి ఆమె గొంతే ఆమెకు ఎదురొచ్చింది. డస్టిన్, కక్కేసింది, గుడ్డ పట్రా. జిల్లా అంతా వినేలా.

"వేన్ గారూ," అన్నాడు రెజీ, "డస్టిన్ ఎవరు?"

"మా కుక్క."

"కుక్క గుడ్డలు తెచ్చిస్తుందా?"

"బాగా నేర్పాం," అని వేన్ గారు ఫోను పెట్టేశాడు.

డస్టిన్ గుడ్డ తీసుకుని వంటింట్లోకి వచ్చాడు. కార్లీ అందుకోలేదు.

"ఇదా గడ్డి మిషను?"

"అందరూ చేస్తారే. సరదాకి."

"సరదాకి చేస్తే లైను సంగతి చెప్పుకో, డ్రాఫ్టు సంగతి చెప్పుకో. షాపులో జరిగింది ఊరంతా టముకు వేయాలా? హోల్ట్ బొమ్మ పెట్టుకునే కదా పవ్లాక్ గారు టైర్లమ్ముతున్నాడు. హోల్ట్ వచ్చిన ఆ సాయంత్రం షాపులో ఎవరెవరున్నారు?"

డస్టిన్ వేళ్ళు ముడిచాడు. "నేను, గేబ్, పవ్లాక్ గారు."

ఫోను మోగింది. పవ్లాక్ గారు. డస్టిన్ రెండు చేతులూ జోడించి వెనక్కి తగ్గాడు. కార్లీయే తీసింది.

"అమ్మాయ్, రేడియో విన్నావా?"

"పాప ఏడుస్తుంటే సరిగ్గా వినలేదండీ."

"మన హోల్ట్‌ని ఎవడో కుక్కని తిట్టినట్టు తిట్టాడు. షాపు గుట్టు బయటపెట్టాడు. అబద్ధమెందుకు, మొదట మీ ఆయన్నే అనుమానించాను. తర్వాత కూర్చుని ఆలోచించాను. వాడి కుక్క పేరు డస్టిన్ అట. తన పేరు తనే కుక్కకి పెట్టుకునే వెధవ ఉంటాడా?"

"ఉండడండీ," అంది కార్లీ డస్టిన్ వైపు చూస్తూ.

"మీ ఆయనంటే గిట్టనివాడే పెడతాడు. ఆ మేనేజర్ పనికి మీ ఆయనతో పోటీపడుతున్నది ఎవడు? మొన్న కొత్తగా కుక్కని తెచ్చుకున్నది ఎవడు? గేబ్‌కి ఫోను చేసి నీ కుక్క పేరేంట్రా అనడిగాను. నసిగి నసిగి, ఇంకా పెట్టలేదండీ అన్నాడు. వారం నుంచి పేరు పెట్టలేదంటే నమ్మమంటావా? పైగా రేడియోలో వెనకాల ఆడగొంతు వినిపించింది. వాడి పెళ్ళాం లోనీదే. కీచుగా, తుప్పుపట్టిన గేటులా ఉంది."

"తుప్పుపట్టిన గేటులానా అండీ?"

"కుక్కకి తన పేరు పెట్టారని మీ ఆయనకి చెప్పకు, బాధపడతాడు. రేపు కుక్కతో సహా రమ్మన్నాను. అందరి ముందూ డస్టిన్ అని పిలుస్తా. అది తోకూపుకుంటూ వచ్చిందా, గేబ్ ఉద్యోగం ఊడినట్టే."

కార్లీ ఫోను పెట్టేసి మొగుడికి సంగతంతా చెప్పింది. డస్టిన్ కుర్చీలో కూలబడి ఊపిరి వదిలాడు. "చూశావా, దేవుడున్నాడు."

"గేబ్ ఇంట్లో లేడా దేవుడు? లోనీకి నెలలు నిండుతున్నాయి తెలుసా?"

"నేను చెబితే మన ఇన్సూరెన్స్ పోతుంది."

"నువ్వు చెప్పకపోతే వాళ్ళ కూడు పోతుంది."

డస్టిన్ పాప మూతి తుడుస్తూ తలెత్తలేదు. కార్లీ ఆలోచించింది. కుక్క అసలు పేరు బయటపడితే చాలు. గేబ్ బతుకుతాడు, డస్టిన్ నోరు విప్పక్కర్లేదు. పాపని బండిలో పడుకోబెట్టి లోనీ ఇంటికి తోసుకుంటూ పోయింది.

లోనీ తలుపు సగమే తీసింది. "ఏంటీ?"

"ఏం లేదు. మీ కుక్క పేరేంటో కనుక్కుందామని."

"ఇందాక ఫోన్లో పవ్లాక్ గారూ ఇదే అడిగాడు. ఇప్పుడు నువ్వు. కుక్క పేరుతో ఊరందరికీ ఏం పని పడిందే? నిన్నెవరు పంపారు?"

"నేనే వచ్చాను, ఒట్టు. పేరు చెప్పు, నీ మేలు కోసమే అడుగుతున్నా."

"నా మేలు నీకెందుకు? ఆ మేనేజర్ పని మీ ఆయనకి కావాలి, మా ఆయనకి కావాలి."

తలుపు సందులోంచి కుక్క బయటికొచ్చింది. పొట్టి కాళ్ళు, వేలాడే పొట్ట. వచ్చీరాగానే కార్లీ బూట్ల మీద మొరిగింది. లోనీకి ఒళ్ళు మండినట్టుంది, నోరు జారింది. "పవ్లాక్, లోపలికి రా."

కుక్క బుద్ధిగా లోపలికి పోయింది. ఆడవాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఎవరికైనా చెప్పావో," అంది లోనీ నెమ్మదిగా.

"దీనికి ఇంకో పేరేదీ లేదా?"

"ఎన్ని పేర్లు పెట్టి పిలిచినా పలకదే. తిండి పెట్టినవాళ్ళ మీదే మొరుగుతోందని గేబ్ నవ్వులాటకి అన్నాడు. అదే అంటుకుపోయింది."

ఆదివారం పవ్లాక్ గారి పెరట్లో పొయ్యి మీద సాసేజీలు చిటపటలాడుతున్నాయి. పక్కన అట్టతో చేసిన నిలువెత్తు హోల్ట్ బ్రాండెక్ టైరు పట్టుకుని నవ్వుతున్నాడు, ఎడంచేత్తో. ఎవరూ ఆ చెయ్యి వంక చూడకుండా జాగ్రత్తపడ్డారు.

"ఏమంటారు కుర్రాళ్ళూ, ఈ ఏడు మనవాళ్ళు ఎలా ఆడతారు?" అన్నాడు పవ్లాక్ గారు ఇద్దర్నీ మార్చిమార్చి చూస్తూ.

మామూలుగా అయితే ఈ ప్రశ్నకి ఇద్దరూ చీకటి పడేదాకా అరుచుకునేవాళ్ళు. ఇవాళ డస్టిన్ ప్లేటులోకి చూస్తూ, "హోల్ట్ ఉండగా మనకేం లోటండీ," అన్నాడు.

"ఇంకో పదేళ్ళు ఆడతాడు," అన్నాడు గేబ్.

"పదిహేను," అన్నాడు డస్టిన్.

"లైనుకి కూడా ఏం తక్కువ లేదు. ఇనప గోడ."

"కుడివైపు మరీనూ."

ఇంత మర్యాద చూసేసరికి పవ్లాక్ గారికి అనుమానం ముదిరింది. పళ్ళెం కింద పెట్టి, చెట్టుకి కట్టిన కుక్క తాడు విప్పాడు. నాలుగడుగులు దూరంగా వెళ్ళి తొడ మీద చరిచి, "డస్టిన్, ఇలా రా," అని పిలిచాడు.

కుక్క కదల్లేదు. డస్టిన్ మాత్రం అలవాటు కొద్దీ, "ఆఁ, వస్తున్నానండీ," అంటూ లేచాడు.

"నిన్ను కాదు, కూర్చో." ఇంకోసారి పిలిచాడు. కుక్క చెవి గోక్కుంది.

కార్లీ హమ్మయ్య అనుకునేలోపు వంటింటి కిటికీలోంచి పవ్లాక్ గారి భార్య కేకేసింది. ఆమెకి కోపమొస్తే మొగుణ్ణి ఇంటిపేరుతో పిలుస్తుంది. "పవ్లాక్, సాసేజీలు మాడిపోతున్నాయి."

కుక్క ఒక్క దూకున లేచి, తోకూపుకుంటూ కిటికీ దగ్గరికి పోయి బుద్ధిగా కూర్చుంది.

పవ్లాక్ గారి మెడ ఎర్రబడటం మొదలై నెత్తి దాకా పాకింది. "ఓహో. రాత్రికి రాత్రి పేరు మార్చి నేర్పించుకొచ్చావన్నమాట. అదీ నా పేరు. గేబ్, రేపట్నుంచి నువ్వు షాపుకి రానక్కర్లేదు."

లోనీ పొట్ట మీద చెయ్యేసుకుని అలాగే ఉండిపోయింది. కార్లీ డస్టిన్ వంక చూసింది. డస్టిన్ వంగి బూటు లేసు బిగించుకుంటున్నాడు. పాపని అతని ఒళ్ళో పెట్టి ఆమే లేచింది.

"పవ్లాక్ గారూ, ఆ కుక్క మా ఆయనే."

"ఏంటమ్మా?"

"రేడియోలో మాట్లాడింది మా ఆయన. పిల్ల కక్కితే గుడ్డ తెమ్మని పిలిచింది నేను. ఆ తుప్పుపట్టిన గేటు నాది. గేబ్‌కి ఏ పాపం తెలీదు. ఆ కుక్క పేరు సంగతి మాత్రం మీరూ మీరూ చూసుకోండి."

డస్టిన్ పాపతో సహా లేచి నిలబడ్డాడు. "అవునండీ. నేనే."

పవ్లాక్ గారు ఏదో అనబోయాడు. జేబులో ఫోను మోగింది. చెవి దగ్గర పెట్టుకున్నాడు. వింటున్నకొద్దీ ఆయన మొహం నెత్తి నుంచి కిందికి తెల్లబడుతూ వచ్చింది.

"హోల్ట్‌ని టీములోంచి తీసేశారా? ఎప్పుడు? భుజమా? డాక్టర్లే చెప్పారా?" అట్ట హోల్ట్ వైపు ఒకసారి చూశాడు. "వేన్ ముందే చెప్పాడని ఊరంతా అనుకుంటోందా? ఊఁ. ఊఁ. టైర్ల షాపంటే మా షాపే మరి. ఇంకెవరు చూస్తారు." ఆయన గొంతు సవరించుకుని, నలుగురికీ వీపు తిప్పాడు. "ఇంకెవరికీ చెప్పకు ఎడ్. వేన్ నేనే. ఆఁ, కుక్క కూడా ఉంది. ఇక్కడే ఉంది."

ఫోను జేబులో పెట్టుకుని చాలాసేపు సాసేజీలు తిరగేస్తూ ఉండిపోయాడు. ఎడ్ ఆ ఊరి మంగలి. ఎడ్‌కి చెప్పినదాన్ని మళ్ళీ రెజీకి చెప్పక్కర్లేదు.

"గేబ్," అన్నాడు చివరికి, "పొద్దున్నే షాపుకి రా. కుక్కని కొన్నాళ్ళు నా దగ్గరుంచు. దాని పేరు డస్టిన్."

"పలకదండీ," అన్నాడు గేబ్.

"పలికేదాకా సాసేజీ పెడతా." తర్వాత డస్టిన్ వైపు అనుమానంగా చూశాడు. "నువ్వు మాత్రం ఈ ఊళ్ళో కస్టమర్ల మధ్య ఉండటానికి వీల్లేదు. ఎప్పుడో ఒకసారి నోరు జారతావు. కొత్త షాపుకి పో. మేనేజర్‌గానే పో. ఎంత దూరమైతే అంత మంచిది."

కొత్త షాపు నిజంగానే దూరం, రాష్ట్రానికి ఆ చివర. ఇన్సూరెన్స్ కార్డు అందిన రోజు కార్లీ దాన్ని ఫ్రిజ్‌కి అంటించి, చల్లారని కాఫీ ఒకటి తాగింది. రెజీ రేడియో ఆ ఊరికి అందదు. అందినా లాభం లేదు, అక్కడివాళ్ళంతా అవతలి టీము జనం. షాపు బోర్డు మీద వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ బొమ్మే వేయించాల్సి వచ్చింది. అతని భుజం ఎలా ఉందని ఏ కస్టమరు అడిగినా డస్టిన్ టైరులో గాలి చూసుకుంటూ, రాయిలా ఉందండీ అంటాడు.