గార్డుగారి గెస్ట్ నెట్‌వర్క్

ఆ ఉదయం సీతారామరావు పథకం పెద్దదేమీ కాదు. లేవాలి, టీకి నీళ్లు పడేయాలి, వైఫై పాస్‌వర్డ్‌ను "మనోహర్‌పూర్" అని మార్చాలి, వీధి తలుపు బార్లా తీసి వరండాలో కూర్చోవాలి. ఆ తర్వాత కావలసినవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. టాటానగర్ దగ్గర బిర్సానగర్‌లోని ఆ తెలుగువాళ్ల గల్లీలో చాలాకాలంగా పద్ధతి ఇదే.

ఆయన టాటానగర్‌లో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. గార్డు ఉద్యోగమంటే ఏమిటో తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. రైలుకు చిట్టచివరి పెట్టెలో ఒక్కడే కూర్చోవాలి. కబుర్లాడదామంటే డ్రైవరు అరకిలోమీటరు అవతల ఇంజనులో ఉంటాడు. అలా ఇనుపరాయి వ్యాగన్ల వెనకాల నోరు మూసుకుని ఉద్యోగమంతా వెళ్లదీసిన మనిషి, ఇక ఇంటిపట్టున ఉండి భార్య రజనితో కడుపారా మాట్లాడుకుందామనుకున్నాడు. ఆయన రిటైరైన ఏడాదే ఆవిడ పోయింది. పిల్లల్లేరు. కుక్కరు కూత తప్ప ఇంట్లో మరో గొంతు లేకుండా పోయింది.

మిగిలింది వైఫై. రజని సీరియళ్ల కోసం పెట్టించుకున్నది. ఆ గల్లీలో ఫోన్ సిగ్నలు అంతంతమాత్రం కాబట్టి, ఒక్కడి కోసం ఇంత ఎందుకులే, నలుగురికీ ఇద్దామనుకున్నాడు. రౌటర్‌లో వెతికితే "గెస్ట్ నెట్‌వర్క్" అని ఒకటి కనబడింది. అంటే ఇంటివాళ్లకు ఒక పాస్‌వర్డు, వచ్చేపోయేవాళ్లకు వేరే పాస్‌వర్డు. ఆ రెండోదాన్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. సీతారామరావు రోజూ మార్చేవాడు. రోజుకో స్టేషను పేరు. కావలసినవాళ్లు పొద్దున్నే వచ్చి అడగాలి. అడిగితే ముందు ఆ స్టేషనులో తన బండికి జరిగిన ముచ్చట వినాలి. పేరు మాత్రం ఆఖర్న గానీ చెప్పడు, గట్టివాడు!

మొదట్లో జనం గుంపుగా వచ్చేవాళ్లు. ఈమధ్య రోజుకు ఒక్కరే వస్తున్నారు. పనులున్నాయి కాబోలు పాపం అనుకుని, ఆ ఒక్కరికే కథ ఇంకాస్త నిదానంగా చెబుతున్నాడు.

సరే, ఆ ఉదయం పాస్‌వర్డు మారుద్దామని ఫోను తీసేసరికి "కొత్త ఫర్మ్‌వేర్ సిద్ధంగా ఉంది, అప్‌డేట్ చేయాలా?" అని అడిగింది. పైనుంచి సర్క్యులరు వస్తే చదవకుండా సంతకం పెట్టేయడం రైల్వేలో నేర్చుకున్న విద్య. నొక్కేశాడు. రౌటర్ దీపాలన్నీ ఎర్రబడ్డాయి, ఆరాయి, మళ్లీ పచ్చబడ్డాయి. ఫోనులో పేజీ రంగురంగులుగా కొత్తగా వచ్చింది. అన్నీ ఉన్నాయి గానీ, గెస్ట్ నెట్‌వర్క్ లేదు. కళ్లజోడు తుడుచుకుని చూశాడు. లేదు.

అప్పుడే ఎదురింటి పోలరాజు కూతురు తనుశ్రీ మెట్లెక్కింది. ఆ పిల్లకు తెలుగు బాగానే అర్థమవుతుంది, నోట్లోంచి వచ్చేది మాత్రం హిందీ.

"అంకుల్, ఆజ్ కా స్టేషన్?"

"ఈయాల లేదమ్మా."

"నహీఁ హై? క్యోఁ?"

సొంత వేలితో చెడగొట్టుకున్నానని కాలేజీ పిల్ల దగ్గర ఎలా చెబుతాడు? "లేదంటే లేదు. ఎళ్లమ్మా, నాకు పనున్నాది" అని తలుపు వేసేశాడు. ఆ తలుపు పగటిపూట మూసి ఉండడం గల్లీలో ఎవరూ చూడలేదు.

లోపల ఆయన కంపెనీకి ఫోను చేశాడు. పాట వింటూ వింటూ ఉండగా ఒక అమ్మాయి వచ్చి, ఆ మోడలుకు కొత్త వెర్షనులో గెస్ట్ ఫీచర్ తీసేశారని హిందీలో మర్యాదగా చెప్పింది. ఎవరడిగారని తీశారన్నాడు. సెక్యూరిటీ కోసమంది. పాతది మళ్లీ ఎక్కించమన్నాడు. వెనక్కి వెళ్లడం కుదరదంది. పోనీ ఇంటి పాస్‌వర్డునే రోజూ మార్చుకుంటానన్నాడు. ఇకమీదట అదీ కంపెనీయే మార్చాలంది. "ఇంకేమైనా సహాయం కావాలా సర్?" అని అలవాటు కొద్దీ అడిగింది.

"మీదే ఊరమ్మా?" అన్నాడు సీతారామరావు.

రాంచీ అని ఆ అమ్మాయి పొరపాటున చెప్పింది. రాంచీ లైనులో వానాకాలం ఒకసారి తన బండి ఆగిపోయిన వైనమంతా ఆమె వినవలసి వచ్చింది. ఫోను పెట్టాక రేటింగు అడిగితే, ఐదు నక్షత్రాలూ ఇచ్చేశాడు.

ఇంటి పాస్‌వర్డే అందరికీ చెప్పేస్తే పోలా అని మీరనొచ్చు. ఆయనకూ తోచింది. కానీ ఒక్కసారి చెబితే ఫోన్లు దాన్ని గుర్తుపెట్టుకుంటాయి. మర్నాడు వరండాకు ఎవరొస్తారు? ఆ ప్రశ్న దగ్గరే ఆయన ఆగిపోయాడు.

ఎదురింట్లో పోలరాజు ఆగలేదు. ఆయన రైల్వేలో టికెట్ కలెక్టరు. తప్పు ఎక్కడో జరిగిందని ముందే నమ్మి, తర్వాత వెతికే ఉద్యోగం. కూతురు చెప్పింది విని గల్లీ అంతటినీ పిలిచి తేల్చేశాడు.

"ఉన్న సదుపాయం నోటీసు లేకండా ఆపీసారంటే దాన్నేటంటారు? సస్పెన్షనంటారు! మనలో ఎవులో గార్డుగారికి కోపం తెప్పించినారు. ఎవలికి వాళ్లు ఎళ్లి ఎక్స్‌ప్లనేషన్ ఇచ్చీసుకోండి, అదే మంచిది."

గల్లీలో అన్నీ రైల్వే ఇళ్లే. ఎక్స్‌ప్లనేషన్ అనే మాట వింటే అందరికీ ఏదో ఒక తప్పు గుర్తొస్తుంది.

ముందుగా పక్కింటి సూర్యకాంతం వచ్చింది, చేతిలో వేడి గారెల పళ్లెంతో. "గార్డుబాబూ, మీ చెట్టు ములక్కాడలు కోసీసింది నానేనండి. అడగడానికొత్తే మీరు పడుకున్నారు. ఒట్టండి!"

సీతారామరావు నిజం చెబుదామని నోరు తెరిచాడు. అంతలో ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతిలో ఫోను లేదు. ఆ కుర్చీలో ఫోను చూడకుండా మనిషి కూర్చోవడం ఆయనకు కొత్త. తెరిచిన నోట్లో గారె పెట్టుకుని, "పోనీలెండమ్మా, ములక్కాడలదేటున్నాది" అని నిట్టూర్చాడు.

కొంప ముంచింది ఆ నిట్టూర్పే. "ములక్కాడలు కాదర్రా, ఇంకేటో పెద్దదే!" అని సూర్యకాంతం గల్లీలో చెప్పింది. ఇక చూడండి. ఒకాయన వచ్చి పాస్‌వర్డు వెనకవీధి టైలరుకు అందించింది తానేనని ఒప్పుకున్నాడు. ఇంకొకావిడ గోడమీంచి చెత్త విసిరినట్టు చెప్పి కళ్లొత్తుకుంది. వచ్చినవాళ్లెవరూ ఉత్త చేతుల్తో రాలేదు. పులిహోర, సున్నుండలు, కోడికూర. సీతారామరావు ఒక్కొక్కరి దగ్గరా నిజం చెబుదామనుకుంటాడు, వాళ్లు కూర్చోగానే మానేస్తాడు. అది తప్పని ఆయనకు తెలుసు. రాత్రి పక్కమీద పడుకుని తనను తాను తిట్టుకునేవాడు. తెల్లారి మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడితే చాలు, ప్రాణం లేచొచ్చేది. రజని పోయాక ఆ ఇల్లు అంత సందడిగా ఎప్పుడూ లేదు.

ఆఖర్న పోలరాజే వచ్చాడు, బిష్టుపూర్ బజారులో పేరున్న కొట్టునుంచి మిఠాయి పెట్టె పట్టుకుని. కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"నాకు తెలుసండి మీ కోపం దేనికో. ఆ రోస్టరు సంగతి మీకెవులో సెప్పీసారు."

"ఏ రోస్టరు?"

"అదేనండి, డ్యూటీ. కథ పెద్దది గదండీ, అందరికీ టైమెక్కడిది? అందికని ఇంటికొక రోజు ఏసుకున్నాం. ఆ రోజు డ్యూటీ ఉన్నోళ్లొచ్చి కథ ఇని, స్టేషను పేరు గ్రూపులో ఎట్టీత్తారు. మిగతావోళ్లకి రెస్టు."

సీతారామరావు చేతిలో మిఠాయి చేతిలోనే ఉండిపోయింది. తన కథ వినడం వీళ్లకు డ్యూటీ! అది తప్పిన రోజు రెస్టు! నిదానంగా చెప్పిన ప్రతి కథా గుర్తొచ్చి ఆయనకు ఒళ్లంతా సిగ్గేసింది. రైలు చివరి పెట్టెలో కూర్చున్నప్పుడు కూడా అంత ఒంటరిగా అనిపించలేదు.

"ఎవులేసారు ఆ రోస్టరు?" అన్నాడు నెమ్మదిగా.

"సూర్యకాంతంగారండి."

గోడ అవతల బట్టలు ఆరేస్తున్న సూర్యకాంతం చెంగు దోపుకుని ఇవతలికి వచ్చేసింది. "నానేసానేటి? గ్రూపెట్టింది మీ తనుశ్రీ కాదేటి? డ్యూటీకి ఎళ్లినోళ్లకి ఓవర్‌టైము ఇవ్వాలని నవ్వింది ఎవులు పోలరాజుగారూ, మీరు కాదేటి?"

"పాపా, గ్రూప్ కా ఐడియా ఆప్‌కా థా!" అని తనుశ్రీ వాళ్ల మేడమీంచి అరిచి, తండ్రినే పట్టించేసింది.

అరుపులకు గల్లీ గల్లీ అంతా వరండాలోకి వచ్చి పడింది. నీవల్ల అంటే నీవల్ల అన్నారు. ములక్కాడలు, చెత్త, టైలరు, అన్నీ మళ్లీ బయటికి వచ్చాయి. చివరకు రెండు పక్షాలవాళ్లూ ఆయన మీదికి తిరిగారు. "మీరే సెప్పండి గార్డుగారూ, తప్పు ఎవలిది?"

సీతారామరావు లేచి నిలబడ్డాడు. "ఎవలిదీ కాదు. నాదే. అప్‌డేట్ చెయ్యమంటే ఏలెట్టి నొక్కీసాను. గెస్ట్ నెట్‌వర్క్ ఎగిరిపోయింది. మళ్లీ రాదంట. ఎవుల మీదా కోపం లేదు నాకు."

"మరి ఇన్నాళ్లూ సెప్పలేదేటండీ?" అంది సూర్యకాంతం.

"ఇంటి పాస్‌వర్డు ఇచ్చీవచ్చమ్మా. ఇచ్చీత్తే మరి మీరు..." అని ఆగిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీరు మరింక..."

సూర్యకాంతం ఆ వాక్యాన్ని తానే పూర్తి చేసింది. "సూసారా! నెట్టు లేక మనం ఇబ్బంది పడతన్నామని ఎంత కుమిలిపోతన్నారో! అలాంటి మనిషికి మనం రోస్టరేసాం. సిగ్గు లేదూ మనకి?"

సిగ్గు అందరికీ ఒక్కసారే వచ్చింది. పోలరాజు అయితే ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. అది కాదర్రా అని సీతారామరావు చెబుతూనే ఉన్నాడు, ఆ హడావిడిలో వినిపించుకునేవాడు ఎవడు?

ఆదివారం గల్లీ అంతా తలా కాస్తా వేసుకుని, పోలరాజును ఆటో ఎక్కించి బిష్టుపూర్ పంపి, పెద్ద రౌటరు తెప్పించారు. నాలుగు కొమ్ములు దానికి. గల్లీ చివరి ఇంటిదాకా సిగ్నలు పోతుందట. తనుశ్రీ చకచకా బిగించేసి, ఎప్పటికీ మార్చనక్కర్లేని పాస్‌వర్డు పెట్టింది. ఏం పెట్టావే అంటే, "అంకుల్ కా నామ్!" అని గర్వంగా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టి, అక్కడే ఫోన్లలో కొట్టేసుకున్నారు.

"ఇంక మిమ్మల్ని పొద్దున్నే లేపీసి ఎవులూ ఇసిగించరు బాబూ. హాయిగా పడుకోండి!" అంది సూర్యకాంతం, దండ వేసినంత ఆప్యాయంగా. సీతారామరావు అందరికీ దండం పెట్టాడు. ఇంకేం చేస్తాడు?

మర్నాడూ ఆయన తలుపు తీసి కూర్చున్నాడు. పొద్దెక్కింది. సూర్యకాంతం ఇంట్లోంచి సీరియల్ ఏడుపు చక్కగా, ఎక్కడా ఆగకుండా వినబడుతోంది. తనుశ్రీ కాలేజీకి పోతూ పోతూ, "అంకుల్, నెట్ ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్!" అని చెయ్యి ఊపింది గానీ నిలబడలేదు. గల్లీలో ప్రతి ఫోనులోనూ ఆయన పేరుంది. వరండాలో ఆయన ఒక్కడే ఉన్నాడు. మధ్యాహ్నందాకా చూసి లేచి, చల్లారిన టీ పారబోశాడు.

అలా కొన్నాళ్లు గడిచాక ఒక ఉదయం ఫోను టింగుమంది. కొత్త రౌటరుకు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వచ్చిందట. సీతారామరావు గబగబా కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి, దేవుడి పటానికి ఒక నమస్కారం పెట్టి, కొండంత ఆశతో నొక్కాడు. దీపాలు ఎర్రబడ్డాయి, ఆరాయి, మళ్లీ పచ్చబడ్డాయి. వరండాలోకి పరిగెత్తి, కుర్చీలన్నీ వరసగా వేసి, మెట్లవైపు చూస్తూ కూర్చున్నాడు.

ఈసారి ఏమీ పోలేదు.