శాతాల తర్వాత

ఆ ఉదయం యుస్రా వేసుకున్న పథకం చిన్నదే. యూసుఫ్‌గూడలో బస్సెక్కి మైత్రీవనం దగ్గర దిగాలి. అక్కడ కొత్తగా తెరిచిన ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కల డెమో క్లాసు వినాలి. డెమోకు ఫీజు లేదు. ఎంబీఏ ప్రవేశ పరీక్ష రెండుసార్లు లెక్కల్లోనే పోవడంతో ఆమె తండ్రి నజీరుద్దీన్ ఫీజులు కట్టడం మానేశాడు.

"ఈసారి సుత సీటు రాకుంటే పంజాగుట్టల మన దుకాణంల కూసో బేటా. కండ్లద్దాలు అమ్మేతందుకు పరీక్ష లేదు," అన్నాడు.

అందుకే ఆమె డెమోలే వింటోంది. ఆమె విన్న ప్రతి డెమోలోనూ చెప్పింది శాతాలే. మాస్టర్ల జోకులతో సహా ఆ పాఠం కంఠతా వచ్చింది. శాతాల తర్వాత ఏముంటుందో మాత్రం తెలియదు.

రిసెప్షన్‌లో తండ్రి ఫోన్ నంబరు రాయించి క్లాసులోకి వెళ్లింది. గదిలో ఎవరూ లేరు. కిటికీ అవతల మెట్రో రైలు పోతోంది. దాని వెంట యుస్రా మనసు బంజారా హిల్స్ దాకా పోయింది. అక్కడ ఆమెకో క్యాబిన్ ఉంది. క్యాబిన్‌కు అద్దాల గోడ, గోడ అవతల మబ్బులు. బల్ల మీద మార్కర్ కనిపిస్తే తీసుకుంది. తన కంపెనీ అమ్మకాలు ఎంత శాతం పెరిగాయో మబ్బులకు వివరిస్తూ బోర్డు మీద రాసింది. వెనక్కి తిరిగేసరికి బెంచీలు నిండి ఉన్నాయి.

"గుడ్ మార్నింగ్ మేడమ్!"

"అయ్యో, నేను..."

"మేడమ్, జర నిమ్మలంగ చెప్పుండ్రి. లెక్కలంటేనే బుగులైతది," అంది ముందు బెంచీలోని రవళి.

ఆ భయం యుస్రాకు తెలుసు. కాదనలేక పాఠం మొదలుపెట్టింది. జోకు దగ్గర కాసేపు ఆగింది. అందరూ నవ్వారు.

డైరెక్టర్ కేదార్ తలుపు సందులోంచి చూశాడు. డెమోకు ఒక మాస్టర్‌ను పంపమని అతను స్నేహితుడికి చెప్పాడు. పంపింది ఈమెనే అనుకుని వీడియో తీశాడు. 'మా కొత్త మాథ్స్ మేడమ్' అని రాసి, రిసెప్షన్‌లో ఉన్న తల్లిదండ్రుల నంబర్లన్నిటికీ పంపాడు.

స్నేహితుడు పంపిన మాస్టర్ బుల్లబ్బాయి ట్రాఫిక్ దాటుకుని వచ్చేసరికి క్లాసు నడుస్తోంది. ఉద్యోగం పోయిందనుకుని చివరి బెంచీలో కూర్చున్నాడు. ఉండబట్టక చెయ్యెత్తాడు.

"మేడమ్ గారూ, ధర మీద ఇరవై శాతం తగ్గించి, మిగిలిన దాని మీద ఇంకో పది శాతం తగ్గిస్తే, మొత్తం ఎంత తగ్గినట్టండీ?"

ఇది ఏ డెమోలోనూ రాలేదు. తండ్రి దుకాణం బోర్డు మీద మాత్రం '20% + 10% తగ్గింపు' అని ఉంది.

"ముప్పై," అంది యుస్రా.

"ముప్పై ఏంటండీ!" బుల్లబ్బాయి బోర్డు దగ్గరికి వచ్చేశాడు. "వందలో ఇరవై పోతే ఎనభై. ఆ పది శాతం తియ్యాల్సింది ఎనభైలోంచి కదండీ? ఎనిమిది. మొత్తం ఇరవై ఎనిమిది!"

యుస్రా మార్కర్ ఆయన చేతికిచ్చి, వెళ్లి రవళి పక్కన కూర్చుంది.

"మేడమ్, మీరు సుత మా తీరేనా?" అంది రవళి.

"మీకంటే రెండుసార్లు సీనియర్‌ని."

అప్పుడే హెల్మెట్‌తో నజీరుద్దీన్ తలుపు దగ్గరికి వచ్చాడు. చేతిలో ఫోన్, అందులో వీడియో.

"ఎవరు మేడమ్? గీమెకు లెక్కలొస్తే నాకింత ఫికర్ ఎందుకు? లే బేటా, దుకాణానికి పోదం." ఇంతలో ఆయన చూపు బుల్లబ్బాయి బోర్డు మీద రాస్తున్న లెక్క మీద పడింది. "ఆగుండ్రి సార్. ముప్పై కాదా?"

"కాదు అబ్బూ," అంటూ యుస్రా లేచింది. వంద రూపాయల కండ్లద్దాలు అనుకోమని మొదలుపెట్టి ఇరవై ఎనిమిది దాకా చెప్పింది. ఒక లెక్కను ఆమె చివరికంటా తీసుకెళ్లడం అదే మొదలు.

నజీరుద్దీన్ హెల్మెట్ తీసి బెంచీ మీద కూలబడ్డాడు.

"యా అల్లా! దుకాణం తెరిచినకాడి నుంచి ముప్పై ఇచ్చిన."

"ఇంతకీ మీలో మా మాస్టర్ ఎవరండీ?" అన్నాడు కేదార్.

నజీరుద్దీన్ బుల్లబ్బాయిని చూపించి, అక్కడికక్కడే ఒక సీటుకు ఫీజు కట్టాడు. ఆ రాత్రి యుస్రా కలలో మబ్బులు మళ్లీ అద్దాల గోడకు ఆనుకున్నాయి.

పొద్దున్నే ఆమె సంచి సర్దుకునేసరికి నజీరుద్దీన్ జేబులో పెన్ను పెట్టుకుని స్కూటర్ దగ్గర నిలబడి ఉన్నాడు. దుకాణం తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

"జర దుకాణం చూసుకో బేటా. ఇయ్యాల క్లాసుల లాభనష్టాలు చెప్తరట."

శాతాల తర్వాత ఏముంటుందో యుస్రాకు అలా తెలిసింది.