మిరప గోడౌనులో మంచు పరీక్ష

ఆ శనివారం పొద్దున ఇంకా ఆరు కూడా కాలేదు. నంద్యాలలో ఫిలిప్ ఇంటి ముందు ఒకే స్కూటర్ మీద నలుగురు సర్దుకుంటున్నారు. మే నెల. సూర్యుడు రాకముందే చెమట వచ్చే రోజులు. అయినా ఏడేళ్ల షారోను ఎర్ర స్వెట్టరులో, నాలుగేళ్ల ఎజ్రా పచ్చ స్వెట్టరులో, ఇద్దరూ కళ్లు మాత్రమే కనబడేలా మంకీ క్యాపులతో ఉన్నారు. వాళ్లమ్మ బ్లెస్సీ కూడా స్వెట్టరు వేసుకుంది. ఇదేం పిచ్చి అని తిట్టకండి. ప్రతి పిచ్చికీ ఒక కారణం ఉంటుంది, దీనికి రెండున్నాయి.

మొదటిది మంచు. బుధవారం రైల్లో ఢిల్లీకి, అక్కడి నుంచి బస్సులో మనాలికి పోయి పిల్లలకు మంచు చూపిస్తానని ఫిలిప్ మాటిచ్చాడు. ఆ మాట ఇచ్చి మూడేళ్లయింది. మొదటి ఏడు అతను పనిచేసే విత్తనాల కంపెనీలో సెలవు దొరకలేదు. రెండో ఏడు ఎజ్రాకు రొంప పట్టింది. రెండుసార్లూ షారోను బళ్లో అందరికీ గొప్పగా చెప్పుకుంది, రెండుసార్లూ తల దించుకుంది. "మీ మంచు ఈసారి గూడా కరిగిపోయిందా?" అని తోటిపిల్లలు ఎగతాళి చేస్తే ఆ పిల్ల ఇంటికొచ్చి ఏడవలేదు. గోడకు అంటించుకున్న మంచుకొండ బొమ్మను తీసి, మడిచి, పుస్తకంలో పెట్టేసింది. పాపం, అది చూసిన రోజు ఫిలిప్‌కు అన్నం సహించలేదు. ఈసారి ఆకాశం విరిగిపడినా పోవలసిందేనని ఒట్టు పెట్టుకున్నాడు.

రెండో కారణం ఫిలిప్ తల్లి దానమ్మ. ఆళ్లగడ్డలో ఉంటుంది. ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసింది కాబట్టి రొంప, దగ్గు, జ్వరాల విషయంలో ఆ కుటుంబానికి ఆమె మాటే హైకోర్టు తీర్పు. టికెట్లు కొన్నామని చెప్పగానే ఫోన్లోనే మండిపడింది.

"మంచులోకి తోల్కపోతాండావా? ఆ పసిబిడ్డ రొమ్ము ఏం కావల్ల? నీకు బుద్ధి ఉండాదా?"

"స్వెట్టర్లు ఉండాయి మా. డిసెంబర్లోనే కొన్నాం."

"స్వెట్టరుంటే సరిపాయనా? ఒక గంట చలిలో కూచోబెట్టి నా కండ్లకు చూపించు. తట్టుకుంటే పోండి. నలుగుర్లో ఒక్కరు మధ్యలో లేచొచ్చినా టికెట్లు చించేయాల్సిందే!"

మే నెలలో ఆళ్లగడ్డలో చలి యాడ తేవాలి? ఫిలిప్ రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. మూడో రోజు చిన్ననాటి స్నేహితుడు మాబాషా గుర్తొచ్చాడు. ఆళ్లగడ్డ దగ్గర మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో అతనే సూపర్‌వైజరు. ధర వచ్చేదాకా రైతులు ఎండుమిరప బస్తాలు అక్కడ దాచుకుంటారు. లోపల ఎప్పుడూ నాలుగైదు డిగ్రీలే. అలా కుదిరింది మంచు పరీక్ష.

స్వెట్టర్లు సంచిలో పెడదామంటే స్కూటర్ మీద సంచికి చోటు లేదు. "ఒంటి మీద ఏసుకుంటే సంచే అక్కర్లేదు కదా" అని తేల్చేశాడు ఫిలిప్.

"మరి నీదేది?" అంది బ్లెస్సీ, అతని పొట్టి చేతుల చొక్కా చూసి.

"నాకెందుకే? నంద్యాల ఎండలో కాలిన ఒళ్లు ఇది. చలే నన్ను చూసి పారిపోవల్ల."

సరిగ్గా అప్పుడే పక్కింటి షంషాద్ పాల ప్యాకెట్ కోసం బయటికొచ్చింది. మే నెలలో ఉన్ని బట్టల్లో మూటలు కట్టిన ఇద్దరు పిల్లలను చూసింది. నిద్ర చాలని ఎజ్రా మూలుగుతున్నాడు. ఆమె నోరు తెరిచేలోపే స్కూటర్ సందు మలుపు తిరిగిపోయింది. "యా అల్లా, బిడ్డలిద్దరికీ చలిజ్వరం!" అనుకుంది షంషాద్. ఆమెను తప్పు పట్టకండి, ఆ ఎండల్లో ఆ అవతారాలు చూస్తే మీరైనా అదే అనుకుంటారు. మంచి మనిషి కాబట్టి ఊరుకోలేక ఫిలిప్ వాళ్ల చర్చిలో పెద్దక్క సుకన్యకు ఫోన్ చేసింది.

సుకన్య చర్చిలో ప్రార్థన గొలుసు నడుపుతుంది. ఎవరికైనా కష్టమొస్తే ఒకరు ఇద్దరికి ఫోన్ చేయాలి, ఆ ఇద్దరూ తలా ఇద్దరికి చేయాలి. అరగంటలో నూరిళ్లలో ప్రార్థన మొదలవుతుంది. దీనికి ఒకటే నియమం: రోగి ఇంటికి మాత్రం ఎవరూ ఫోన్ చేయకూడదు. ఒకసారి ఒక పెద్దాయనకు "ఎట్లుండావప్పా" అని నలభై మంది ఫోన్లు చేస్తే ఆయన బీపీ పెరిగి పెద్దాసుపత్రిలో పడ్డాడు. అప్పటి నుంచి ఈ కట్టుబాటు. కాబట్టి ఫిలిప్‌ను ఒక్క మాట అడిగినవాళ్లు లేరు. ఎనిమిది గంటలకు జ్వరం ఇద్దరికి. తొమ్మిదికి నలుగురికీ. పదింటికి, బండి నడిపినవాడు కాబట్టి, ఫిలిప్‌కే ఎక్కువగా ఉంది. పదకొండుకు ఆళ్లగడ్డ డాక్టర్లు చేతులెత్తేశారు.

ఆ పదకొండుకు ఫిలిప్ నిజంగానే చేతులెత్తేసే స్థితిలో ఉన్నాడు. అరగంట ముందే మాబాషా మందపాటి తలుపు తీసి నలుగురినీ, దానమ్మనూ లోపలికి పంపాడు. "బస్తాలెక్కి దూకొద్దు పాపా. అవి రైతుల పేణాలు" అని పిల్లలకు చెప్పి తలుపు వేశాడు. దానమ్మ గొర్రెబొచ్చు కంబడి కప్పుకుని, స్టూలు మీద కూర్చుని, ఒళ్లో అలారం గడియారం పెట్టుకుంది.

పిల్లలకు అది స్వర్గంలా ఉంది. నోట్లోంచి పొగ వస్తుంటే ఒకరి ముఖం మీద ఒకరు ఊదుకుని పకపకా నవ్వారు. తర్వాత మిరప ఘాటు ముక్కుకెక్కింది. అందరికీ తుమ్ములు, కళ్లు ఎర్రబడి నీళ్లు. అయినా షారోను కదల్లేదు. తమ్ముడి చెయ్యి పట్టుకుని, నాయనమ్మ వైపు చూపిస్తూ, "ఏడవద్దురా, జేజి చూస్తాంది" అని హెచ్చరించింది. ఇరవై నిమిషాలకు ఫిలిప్ పళ్లు టకటకా కొట్టుకోసాగాయి.

"ఏందిరా ఆ చప్పుడు?" అంది దానమ్మ.

"మి... మిషను మా. అది అదురుతాంది."

"బయటికి పోరాదా?" అని బ్లెస్సీ చెవిలో గొణిగింది. ఫిలిప్ తల అడ్డంగా ఊపాడు. ఒక్కరు లేచినా టికెట్లు చిరుగుతాయి. షారోను అతని వైపే చూస్తోంది. ఆ చూపు ముందు చలి ఎంత? అక్షరాలా నాలుగు డిగ్రీలు. చేతులు చంకల్లో దాచుకుని, మిగతా నలభై నిమిషాలూ నిలబడ్డాడు ఆ పిచ్చి తండ్రి. అలారం మోగింది. "పిల్లోళ్లు గట్టోళ్లేరా. పోయిరాండి" అంది దానమ్మ. షారోను వేసిన కేకకు మాబాషా బయటి నుంచి పరిగెత్తుకొచ్చాడు.

పొద్దు వాలాక తిరుగు ప్రయాణం. అప్పటికి ఫిలిప్ బండి నడిపే స్థితిలో లేడు. దానమ్మ తన కంబడి అతనికి చుట్టబెట్టింది. బ్లెస్సీ బండి నడిపింది. "ఇప్పుడే తీస్తే అలవాటు తప్పుతాది" అని పిల్లలు మంకీ క్యాపులు ససేమిరా తీయం అన్నారు.

నంద్యాలలో ఇల్లు చేరేసరికి గుమ్మం నిండా చెప్పులు. వసారాలో ముప్పై మంది, బ్రెడ్డు ప్యాకెట్లు, బత్తాయిలు, కొబ్బరి బోండాలు. పాస్టరు గారు బైబిల్ పట్టుకుని నిలబడ్డారు. షంషాద్ దర్గా నుంచి తాయెత్తులు తెచ్చింది. స్కూటర్ ఆగింది. ఆడమనిషి నడుపుతుంటే వెనకాల కంబడిలో వణుకుతున్న మొగుడు, ఎర్రటి కళ్లు, కారే ముక్కులు, తల్లి కాళ్ల దగ్గర తూగుతున్న ఎజ్రా. సుకన్య ఒక్కసారి గుండెలు బాదుకుంది.

"అయ్యో బ్లెస్సీ! ఎంత పనైపాయె!"

"ఏం కాలే అక్కా, మేము..." అని బ్లెస్సీ మొదలుపెట్టి ఏడు తుమ్ములు తుమ్మింది.

ఫిలిప్ చెప్పబోతే గొంతు రాలేదు. చివరికి షారోనే ముందుకొచ్చి, ఉన్నదున్నట్టు చెప్పింది.

"జేజి మమ్మల్ని పెద్ద ఫ్రిజ్జులో పెట్టి తలుపేసింది. నిండా మిరపకాయలే. గంట ఉన్నాం. మేం పాస్!"

ముప్పై మందీ నిట్టూర్చారు. "జ్వరం తలకెక్కింది. బిడ్డ కలవరిస్తాంది" అని షంషాద్ కళ్లొత్తుకుంది. నిజం చెప్పినవాళ్లకు ఈ లోకంలో జరిగే మర్యాద ఇంతే.

వార్డు నర్సు మెహజబీన్ థర్మామీటరుతో వచ్చింది. ముందు జాగ్రత్తగా మలేరియా పరీక్షకని నలుగురి వేళ్లూ గుచ్చి రక్తం తీసింది. ఎజ్రా వీధి అదిరేలా అరిచాడు. పిల్లలకు జ్వరం లేదు. బ్లెస్సీకీ లేదు. ఫిలిప్ నోట్లోంచి థర్మామీటరు తీసి చూసి, "నూట రెండు" అంది. పొద్దున పుట్టిన పుకారు సాయంత్రానికి నాలుగో వంతు నిజమైంది.

అంతలో ఫోన్. కంపెనీ మేనేజరు గాయత్రి మేడం. "మా పనామె చెప్పింది. విత్తనాలమ్మే టైములో స్టాఫందరికీ అంటించకప్పా. రెండు వారాలు ఈడికి రావద్దు" అని పెట్టేసింది. మూడేళ్లుగా అడిగితే ఏడు రోజులు ఇవ్వడానికి ఏడ్చిన మనిషి!

ఆదివారం డాక్టరు చూసి, మలేరియా కాదు, రొంపజ్వరమే, కానీ పది రోజులు ప్రయాణం మాట ఎత్తవద్దన్నాడు. ఫిలిప్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఒంటి బాధ కంటే మనసు బాధ ఎక్కువైంది. షారోను వచ్చి మంచం పక్కన కూర్చుంది. తన మంకీ క్యాపు తీసి తండ్రి తలకు తొడిగింది. అది అతని చెవుల దాకా కూడా రాలేదు.

"నాయనా, మంచు వచ్చే ఏడు గూడా ఉంటాదా?"

"ఉంటాది బంగారూ" అన్నాడు.

ఆ సాయంత్రమే దానమ్మ బస్సు దిగింది, చేతిలో పెద్ద సంచితో. ఇప్పుడు టికెట్లు చించేస్తుందని బ్లెస్సీ భయపడింది. దానమ్మ కొడుకు నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"నాదే తప్పురా. మిషను కాదు, నువ్వే అదురుతాండావని నాకు తెలుసు. తెలిసే కూచోబెట్టినా."

"పోనీలే మా."

"ఏం పోనీలే? పరీక్ష పెట్టిందాన్ని, ఫలితం గూడా నేనే చెప్తా. పిల్లోళ్లు పాసు. నీ పెండ్లాం పాసు. నువ్వు ఫెయిలు." దానమ్మ సంచిలోంచి కొత్త స్వెట్టరు తీసింది. పెట్టె అడుగున ఎన్నేళ్లుందో, కలరా ఉండల వాసన గుప్పుమంది. "ఆ గంటసేపు నేనూ ఆడనే కూచుంటి. నేనూ పాసే. నీ టికెట్టు ఇట్లియ్యి."

"నువ్వా? మంచుకా?" అన్నాడు ఫిలిప్, లేచి కూర్చుని.

"అరవై ఆరేండ్లలో ఎండాకాలం నాకు సల్లగా అనిపించింది ఆ ఒక్క గంటేరా. ఇంగా కావల్ల నాకు."

తల్లి పేరుకు టికెట్ మార్చుకోవచ్చని సోమవారం స్టేషన్‌లో చెప్పారు. బ్లెస్సీ అర్జీ రాసిచ్చింది. బుధవారం రైలు కదిలింది. కిటికీలోంచి షారోను చెయ్యి ఊపుతూనే ఉంది, ప్లాట్‌ఫారం మీద కంబడి కప్పుకున్న తండ్రి చుక్కంత అయ్యేదాకా.

శనివారం మధ్యాహ్నం ఫోన్లో ఫోటో వచ్చింది. తెల్లటి కొండ మీద పిల్లల మధ్య దానమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. వెనకే వీడియో కాల్.

"నాయనా! మంచు వేళ్లకు మంట పెడతాంది! బళ్లో చెప్తా! నిజంగానే ఉండాది నాయనా!" షారోను అరుస్తోంది. ఫిలిప్ కళ్లు తుడుచుకున్నాడు. ఈసారి మిరపకాయల తప్పేమీ లేదు.

దానమ్మ ఫోను లాక్కుంది. "ఒక్క ఘాటు ల్యా, ఒక్క తుమ్ము ల్యా. మాబాషా గోడౌను కంటే ఇదే మేలురా. వచ్చే ఏడు నిన్ను గూడా తోల్కొస్తాలే. అంతలోపల నువ్వు రోజూ అరగంట ఆ గోడౌనుకు పోయి నేర్చుకో."

"సరే మా" అని ఫిలిప్ ఫోను పెట్టేసి, చర్చివాళ్లు తెచ్చిన పదిహేడో బ్రెడ్డు ప్యాకెట్టు విప్పాడు.