పాలు తగలని టీ

శనివారం పొద్దున హెర్న్‌డన్‌లోని ఆ టౌన్‌హౌస్‌లో కార్యక్రమం చాలా స్పష్టంగా ఉంది. పదింటికి టీ సొసైటీ ప్రెసిడెంట్ మిసెస్ లిన్ వస్తుంది. ఇంటాయన దివాకర్ వెనక చెక్కల డెక్ మీద కుండీలో తానే పెంచి, తానే కోసి, తానే నలిపి ఆరబెట్టిన టీని ఆవిడకు రుచి చూపిస్తాడు. ఆవిడ తలూపితే సెప్టెంబర్‌లో సొసైటీ సభలో ఆ టీకి ఒక బల్ల, బల్ల మీద పెంచినవారి పేరుతో ఒక అట్టముక్క పెడతారు. పదిహేనేళ్ళుగా సైబర్ సెక్యూరిటీలో పనిచేస్తున్న మనిషికి అట్టముక్క మీద అంత మోజేమిటో అడక్కండి, నాకూ తెలీదు.

పదిలోపు వంటింట్లో పోపు వెయ్యకూడదు, ఇంగువ డబ్బా మూత తియ్యకూడదు. ఇవి అత్తగారు సుబ్బులుకి ఆ పొద్దున జారీ అయిన ఆజ్ఞలు. అసలు ఆజ్ఞ జారీ అయి మూడు నెలలైంది. ఏప్రిల్‌లో తుని నుంచి కూతురు రాగిణి ఇంటికి వచ్చిన మర్నాడే ఆవిడ స్టవ్ మీద టీగిన్నె పెట్టబోతే అల్లుడు పరుగెత్తుకొచ్చాడు.

"అత్తయ్యగారూ, పాలు టీని చంపేస్తాయి. ఈ ఇంట్లో పాల టీ బ్యాన్."

అప్పటి నుంచి రోజూ ఆవిడకి తెల్ల పింగాణీ కప్పులో, థర్మామీటర్ పెట్టి చూసిన వేణ్ణీళ్ళలో నాలుగు ఆకులు తేలుతూ వచ్చేవి. ఒకరోజు వైట్ టీ అన్నాడు, ఇంకోరోజు ఊలాంగ్ అన్నాడు, మరోరోజు ఏదో కొండమీద మంచు వీడకముందే కోసిందన్నాడు. సుబ్బులుకి మాత్రం అన్నీ జ్వరమొచ్చినప్పుడు ఇచ్చే కషాయంలాగే ఉన్నాయి. హెడ్‌మిస్ట్రెస్‌గా ముప్పయ్యేళ్ళు ఒక బడిని గడగడలాడించిన మనిషి, గ్లాసుడు టీకి మొహం వాచిపోవడం అన్యాయం కాదూ?

అందుకే ఆ పొద్దున ఆవిడ నడుం బిగించింది.

"అల్లుడుగారూ, ఇవాళ తేల్చేసుకుందాం. ఆవిడ మీ టీ బాగుందంటే, అక్టోబర్‌లో విమానం ఎక్కేదాకా నేను పాల మాట ఎత్తను. బాగోలేదంటే రేపట్నుంచి ఆ స్టవ్ మీద నా గిన్నె ఉంటుంది. రాగిణీ, నువ్వే సాక్షివి."

"డీల్!" అన్నాడు దివాకర్. అతనికి గెలుపు మీద అనుమానమే లేదు. మూడేళ్ళుగా జానెడు కూడా పెరగని మొక్క ఈ వేసవిలో గుబురుగా చిగుళ్ళు వేసింది. అంతా తాను ఏటా ఆన్‌లైన్‌లో తెప్పించే ఎరువు పొడి మహిమేనని సొసైటీ వాట్సాప్ గ్రూపులో ఫోటోలతో సహా చాటుకున్నాడు కూడా.

ఓడితే అక్టోబర్ దాకా ఉపవాసమే. కాబట్టి ముందుగా ఒక్క గ్లాసైనా తాగాలని సుబ్బులు నిశ్చయించుకుంది. నిషేధం ఇంటికే కదా, గరాజ్‌కి కాదుగా! గరాజ్‌లో చేపలు వేయించుకోవడానికి ఉంచిన కరెంటు పొయ్యి ఉంది. రాగిణి ఆఫీస్ బ్యాగ్‌లో దొంగచాటుగా తెచ్చిపెట్టిన టీపొడి ఉంది. తొమ్మిదింటికి ఆవిడ గరాజ్‌లో పాలూ, పొడీ, దంచిన అల్లం గిన్నెలో పడేసి పొయ్యి మీద పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది, పంచదార వంటింట్లో ఉందని.

వంటింట్లో దివాకర్ తన టీ ఆకుని ఆఖరిసారి వెచ్చబెట్టడానికి అవెన్‌లో పెట్టి, పక్కనే కాపలా కాస్తున్నాడు.

"ఏం కావాలి అత్తయ్యగారూ?"

"పంచదార."

"దేనికి?"

"చీమలకి."

"చీమలు ఎక్కడున్నాయి?"

"పెడితే వస్తాయి."

ఈ విచారణ జరుగుతుండగానే గరాజ్‌లో పాలు పొంగి, పొయ్యి మీద పడి మాడి, తెరిచి ఉన్న తలుపులోంచి పొగ ఇంట్లోకి నడిచొచ్చింది. పై అంతస్తులోవీ కింది అంతస్తులోవీ పొగ అలారాలు కలిసి ఒక్కసారిగా "ఫైర్! ఫైర్!" అని అరిచాయి. దివాకర్ అవెన్ సంగతి మరిచిపోయి గరాజ్‌లోకి దూకాడు, ప్లగ్ పీకాడు, తువ్వాలు ఊపుతూ గరాజ్ షట్టర్ ఎత్తాడు.

బయట మిసెస్ లిన్ నించుని ఉంది. రోడ్డు ఖాళీగా ఉండి ముప్పావుగంట ముందే వచ్చేసింది. తైవాన్ కొండల్లో టీ తోటలో పుట్టి పెరిగిన డెబ్భై ఏళ్ళ మనిషి. ఆవిడకి కనిపించింది పొగ, పొగలో తువ్వాలు ఊపుతున్న పెద్దమనిషి, మసి గిన్నె దించుతున్న ముసలావిడ.

గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఊరికే నించోబెట్టడం సుబ్బులు వల్ల కాదు. గిన్నెలో మిగిలింది స్టీలు గ్లాసులో వడపోసి చేతికిచ్చింది. మిసెస్ లిన్ ఒక గుక్క తాగి, నిర్మొహమాటంగా ఇంగ్లీషులో చెప్పింది: "ఇది టీ కాదు. సూప్."

"పాపం, తాగడం అలవాటు లేదు," అంది సుబ్బులు, గ్లాసు వెనక్కి తీసుకుని తనే తాగేస్తూ.

దివాకర్ మొహం వెలిగిపోయింది. "మేడమ్, నా టీకి పాలు తగలనే తగలవు. గ్యారంటీ!" అంటూ లోపలికి తీసుకెళ్ళాడు. అవెన్ తలుపు తెరిచాడు. ఆకుపచ్చగా ఉండాల్సిన ఆకు వక్కపొడిలా ఉంది. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

మిసెస్ లిన్ మాత్రం కంగారు పడలేదు. చిటికెడు ఆకు తీసి, తనే నీళ్ళు పోసి, మూడు గుక్కలు తాగింది. పైనుంచి దిగొస్తున్న రాగిణి మెట్ల మీదే ఆగిపోయింది.

"కాల్చడం ఎక్కువైంది," అంది మిసెస్ లిన్. "కానీ ఆకు చాలా బాగుంది. మట్టిలో ఏదో ఉంది. మొక్క చూపించు."

దివాకర్ అత్తగారి వైపు తిరిగి కాలర్ సర్దుకున్నాడు. సుబ్బులుకి నిజంగానే దుఃఖం వచ్చింది. అక్టోబర్ ఎంత దూరం!

డెక్ మీద టీ కుండీ, కరివేపాకు కుండీ పక్కపక్కనే ఉన్నాయి. మిసెస్ లిన్ టీ కుండీలో వేలు గుచ్చి వాసన చూసింది.

"పుల్లగా ఉంది. ఏం వేస్తున్నావు?"

దివాకర్ గర్వంగా ఎరువు పొడి ప్యాకెట్ తెచ్చిచ్చాడు. ఆవిడ వెనక అక్షరాలు చదివి కళ్ళద్దాలు తీసింది. "ఇందులో ఉన్నది సున్నం. టీ మొక్కకి పుల్లటి మట్టి కావాలి, సున్నం దానికి పడదు. మూడేళ్ళు నువ్వు దీన్ని చంపుతూనే ఉన్నావు. ఈ ఏడు ఎవరో బతికించారు."

దివాకర్ మెల్లగా అత్తగారి వైపు తిరిగాడు. "అత్తయ్యగారూ... మీరేమైనా పోశారా?"

"పోశాను," అంది సుబ్బులు గడ్డం ఎత్తి. "పులిసిన మజ్జిగ. వచ్చిన మర్నాటి నుంచీ."

"టీ మొక్కకా? ఎందుకండీ?"

"కరివేపాకుకి పోస్తున్నాను, పక్కనే ఇదీ నించుని చూస్తోంది. ఒకదానికి వడ్డించి ఒకదానికి వడ్డించకపోతే పంక్తిభేదం కాదూ? మా ఇంటా వంటా లేదు నాయనా అలాంటిది!"

రాగిణి ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. మిసెస్ లిన్ చాలాసేపు నవ్వి, సంచీలోంచి అట్టముక్కా పెన్నూ తీసి సుబ్బులునే అడిగింది, పేరు ఎలా రాయాలని.

దివాకర్‌కి ఆఖరి ఆశ ఒకటి మిగిలింది. "అయినా బాగుందన్నారు కదా? డీల్ ఈజ్ డీల్. అక్టోబర్ దాకా పాలు లేవు."

"బాగుందన్నది మీ టీని కాదు, నా టీని. అట్ట చూసుకోండి," అంది సుబ్బులు. "రేపు పొద్దున స్టవ్ మీద నా గిన్నె లేకపోతే, ఎల్లుండి నుంచి మజ్జిగ కరివేపాకుకే. పంక్తిభేదం పాపం మీది."

మర్నాడు ఆరింటికల్లా గిన్నె స్టవ్ మీద ఉంది. పెట్టింది దివాకరే.

ఆ వారం నుంచి అతను రెండు గ్యాలన్ల పాలు తెస్తున్నాడు: ఒకటి అత్తగారికి, ఒకటి మొక్కకి.